జంధ్యానికి కట్టిన తాళంచెవి

మార్చి 13, గురువారం

దహనం ముగిసింది. మంగళవారం మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీకి నిప్పంటుకున్నప్పటి నుంచి ఈ పుస్తకం తెరవలేదు. ఇప్పుడు తెరిచి, తేదీ వేసి, చాలాసేపు ఊరికే కూర్చున్నాను. "తమ్ముడు జానకిరామయ్య మరణించాడు." ఈ వాక్యంలో దోషమేమీ లేదు. అయినా రాయడానికి ఇంతసేపు పట్టింది.

వాడు ఆ గిడ్డంగిలో స్టోర్ కీపరు. సీజను కనుక గదులన్నీ మిర్చి బస్తాలతో, ఇక్కడి మాటలో టిక్కీలతో, నిండి ఉన్నాయి. గోడల్లోని థర్మోకోల్ అంటుకుంది. ఆ పొగ నల్లపాడు మొత్తం కమ్మింది. ఏడ్చేవాళ్ళెవరో, మిరప ఘాటుకు కళ్ళు తుడుచుకునేవాళ్ళెవరో రోడ్డు మీద తెలియలేదు.

రెండు శవాలు దొరికాయి. ఒకటి వెనక తలుపు దగ్గర. రెండోది లోపల, కూలిన అరల కింద. నిన్న ఎస్సై అనిల్ కుమార్ నన్ను శవాల గదికి తీసుకువెళ్ళాడు.

"తొందరేం లేదు మాస్టారూ. నిదానంగా చూడండి."

చూడడానికి ఏముంది? ముఖం లేదు. నడుము కింద బొగ్గు. కాని వెనక తలుపు దగ్గర దొరికిన దేహానికి గుండెల మీద ఇత్తడి తాళంచెవి ఒకటి అతుక్కుపోయి ఉంది. తాళంచెవిని జంధ్యానికి కట్టుకోవడం మా ఇంట్లో మగవాళ్ళ పాత అలవాటు. నాన్నగారు కట్టుకునేవారు. నేను మానేశాను, వాడు మానలేదు. స్నానం చేసేటప్పుడైనా విప్పేవాడు కాదు.

"వీడు నా తమ్ముడే" అన్నాను.

డీఎన్ఏ పరీక్ష కోసం పన్ను ఒకటి, తొడ ఎముక ముక్క ఒకటి తీసి ఉంచుతామని అక్కడి డాక్టరు అన్నాడు. గుర్తు తెలియని శవానికి కదా ఆ పరీక్ష, నేను గుర్తుపట్టాను కదా అన్నాను. పోస్టుమార్టం కోత ఎలాగూ తప్పలేదు. పన్ను కూడా లేకుండా నా తమ్ముణ్ణి సాగనంపడానికి నేను ఒప్పుకోనన్నాను. ఎస్సై డాక్టరు వైపు తిరిగి, "పోనీండి సార్, జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషి. ఆయన మాటే రాసుకుందాం" అన్నాడు. ఆ గదిలో, ఆ వాసనలో కూడా, ఆ మాట నా చెవికి బాగానే వినిపించింది.

రెండో శవం ఇమాం హుస్సేన్ అనే హమాలీది అని అనుకుంటున్నారు. ఆ రోజు నుంచి కనబడనివాళ్ళు వీళ్ళిద్దరే. హుస్సేన్ తండ్రి అల్లాబక్షు కూడా వచ్చాడు. చూసి, ఏమీ చెప్పలేనన్నాడట. అతని దగ్గర రక్తం తీసుకున్నారు.

వెనక తలుపు తాళం తీసి ఉన్నందువల్లనే తొడిమలు తీసే ఆడకూలీలందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఎవరు తీశారో పొగలో కనబడలేదని వాళ్ళు అంటున్నారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో నాకు తెలుసు. పత్రికల వాళ్ళకు ఆ సంగతి నేనే చెప్పాను.

మార్చి 14, శుక్రవారం

అస్థిసంచయనం చేశాం. ఎముకలు ఏరి కొత్త కుండలో ఉంచాం. సగం పదో రోజున కృష్ణలో కలపాలి. తక్కిన సగం కాశీకి. కుండను ఇంటికి తేకూడదు కనుక గుడ్డ కట్టి శ్మశానం గదిలో కొక్కేనికి తగిలించారు.

వాడికి సంతానం లేదు. అన్న తమ్ముడికి కర్మ చేయడం ఆపద్ధర్మం అన్నారు శాస్త్రిగారు. మంత్రంలో విభక్తి ఒకచోట తప్పు పలికారు. సరిదిద్దలేదు. ఓపిక లేకపోయింది.

మార్చి 16, ఆదివారం

మరదలు శ్యామలాంబ ఈ పూట కూడా తినలేదు.

మార్చి 20, గురువారం

పదో రోజు. సీతానగరం రేవులో భారద్వాజ గోత్రం, జానకిరామ నామధేయం చెప్పి పిండం పెట్టాను. గట్టు మీద ఉంచి ఇలా వెనక్కి తిరిగామో లేదో, కాకి వచ్చి ముట్టింది. నాన్నగారి కర్మలో ఎండ నడినెత్తికి ఎక్కేదాకా నిలబెట్టిన కాకులు ఇవి. శాస్త్రిగారు కూడా ఆశ్చర్యపోయారు.

వాడికి ఏ కొరతా లేదన్నమాట. సగం అస్థికలు నీళ్ళలో కలిపాను.

మార్చి 24, సోమవారం

కర్మలు ముగించి నడుం వాల్చుదామనుకున్న రోజునే అనిల్ కుమార్ వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఒక చిక్కొచ్చింది మాస్టారూ. అల్లాబక్షు రక్తంతో రెండో శవం ఎముక కలవలేదండి. అది వాళ్ళబ్బాయిది కాదు."

"మరెవరిది?"

అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు. "అది తేల్చడానికే తమరి రక్తం ఓ రెండు చుక్కలు కావాలి."

"నా తమ్ముణ్ణి నేను దహనం చేశాను."

"అవునండి."

"కాకి కూడా ముట్టింది."

"సంతోషం మాస్టారూ. మరి ఇమాం హుస్సేన్ ఎక్కడున్నట్టు?"

ఏ రిజిస్టరులోనూ పేరు లేని బీహారు కూలీలు ఎందరో ఉంటారని, వాళ్ళలో ఒకడు కావచ్చునని చెప్పాను. వాళ్ళందరినీ నిలబెట్టి చూశామన్నాడు. లారీ క్లీనర్లు? వాళ్ళనూ చూశారట. పోనీ, నేను దహనం చేసిన దేహం నుంచి ఒక పన్ను తీసి ఉంచినా ఇప్పుడు పనికొచ్చేది కదా అని అతను అనలేదు. అననందుకు అతని మీద కోపం వచ్చింది.

వ్రాతపూర్వకంగా అడిగితే ఆలోచిస్తానన్నాను.

మార్చి 25, మంగళవారం

నోటీసు వచ్చింది. "నమునా" అట. "సోదరుడు యొక్క రక్తము" అట. ఎర్ర సిరాతో దిద్ది, తెచ్చిన కానిస్టేబుల్ చేతికే తిరిగి ఇచ్చాను. శుద్ధప్రతి వచ్చాక చూద్దాం.

మార్చి 26, బుధవారం

శుద్ధప్రతి వచ్చింది. తప్పులు లేవు. సంతకం కింద తేదీ వేయలేదు.

మార్చి 27, గురువారం

అల్లాబక్షు వచ్చాడు. నా వయసువాడే. టిక్కీలు మోసి మోసి వీపు ముందుకు వంగింది. అరుగు మీద కూర్చోమంటే మెట్టు మీద కూర్చున్నాడు. మరదలు కాఫీ తెచ్చింది.

"వద్దమ్మా, ఉపవాసం, రోజాలో ఉన్నా" అని, గ్లాసు వైపు చూసి, "వాసన మాత్రం చంపేస్తంది" అన్నాడు. శ్యామలాంబ ఇన్నాళ్ళకు చిన్నగా నవ్వింది.

రక్తం గురించి వచ్చాడని తెలుసు. కాని మొదట మా తమ్ముడి గురించి చెప్పాడు. "మీ తమ్ముడుగారు మావాడిని వదిలేవారు కాదండి. ఏరా హుస్సేనూ, టిక్కీని నువ్వు మోస్తన్నావా, టిక్కీ నిన్ను మోస్తందా అనేవారు. మావాడూ తక్కువోడు కాదు. మీరు అద్దాలు పెట్టుకుని చూడండి పంతులుగారూ, తెలుస్తది అనేవాడు."

వాడు ఆఫీసులో ఎలా మాట్లాడేవాడో నాకు తెలియదు. నా ఎదుట వాడు ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

"ఆ శవం మావాడిది కాదని చెప్పిన కాణ్ణించి మా ఇంటామె తలుపు గడియ పెట్టనివ్వట్లేదండి. కాదన్నారంటే ఎక్కడో బతికున్నట్టేగా అంటది. పొద్దు పొడవకముందు వాడికీ ఒక పళ్ళెం పెడతంది. నేను తింటంటే పక్కన ఆ పళ్ళెం. నాకు ముద్ద దిగట్లేదు."

"పరీక్షలు ఒక్కోసారి పొరపాటు కావచ్చు" అన్నాను.

"కావొచ్చు. మీరిస్తే అదీ తేలిపోద్దిగా." గ్లాసును కాస్త దూరంగా జరిపాడు. "మీకు భయంగా ఉందా పంతులుగారూ?"

"నాకు భయం దేనికి?"

"నాకైతే భయమేనండి. మావాణ్ణి మీరు కాల్చేశారని తేలితే ఆమెకు నేనేం చెప్పాలి? మావాళ్ళలో కాల్చరు. అయినా ఆ పళ్ళెం చూడటం కన్నా అదే నయం."

నాకు ఒంట్లో నలతగా ఉందని, పండగ వెళ్ళాక చూద్దామని చెప్పాను. ఏ పండగో నేను చెప్పలేదు. అతను అడగలేదు.

మార్చి 30, ఆదివారం

ఉగాది. మాకు ఈ సంవత్సరం పండగ లేదు.

మార్చి 31, సోమవారం

రంజాన్. పొద్దున్నే కొత్త బట్టలు కట్టుకున్న పిల్లలు వీధిలో నడిచి వెళ్ళారు. వాళ్ళ ఇంటి తలుపు ఇవాళ ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఎవరి ఇంటి తలుపో రాయనక్కరలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

నేనూ మరదలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఈ ఇంట్లో లేదు. నా భార్య ఉన్నప్పుడు ఆమె ద్వారా, తర్వాత తమ్ముడి ద్వారా మాటలు నడిచేవి. ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు. వడ్డిస్తూ ఆమే అడిగింది.

"ఆ ముసలాయన కోసం రక్తం ఇవ్వకూడదా బావగారూ?"

"అనుమానం ఉన్నవాడు పరీక్షకు వెళ్ళాలమ్మా. నాకు అనుమానం లేదు. వాడి గుండెల మీద తాళంచెవి కళ్ళారా చూశాను. అది జంధ్యానికి కట్టుకునేవాడు వాడొక్కడే."

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"ఆయన కట్టుకోవడం మానేశారండి. పుష్యంలో మామయ్యగారి తద్దినం నాడు మీరు అన్నారు కదా. ఆ రోజు నుంచీ మానేశారు."

అన్నాను. బ్రాహ్మణులు భోజనానికి కూర్చుని ఉండగా, అందరి ముందూ అన్నాను. జంధ్యం గాయత్రిని నిలుపుకోవడానికి, గోడౌను గొళ్ళేలు మోయడానికి కాదు అన్నాను. వాక్యం బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. వాడు తల వంచుకుని విస్తరి సర్దుకున్నాడు.

"మరి తాళంచెవి?"

"ఆఫీసులో కుర్చీ వెనక మేకుకు తగిలించేవారు. పోనీలే, ఇప్పుడు నేను లేకపోయినా హుస్సేను తీసుకుంటాడు, మంచిదే అయింది అన్నారు."

"శ్యామలా, ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు. ఆడవాళ్ళు రాకూడదని నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. తాళంచెవి సంగతి పేపర్లో చదివాను. అప్పటికే దహనం అయిపోయింది. మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టారేమో అనుకున్నాను. అలా అనుకోకపోతే..."

అసంపూర్ణ వాక్యాలు నాకు గిట్టవు. దీన్ని పూర్తిచేయమని అడగలేదు.

ఏప్రిల్ 3, గురువారం

తాళం తీసినవాడు తాళంచెవిని ఎక్కడ పెట్టుకుంటాడు? చొక్కా జేబులో. జేబు ఎక్కడ ఉంటుంది?

వాడు నా మాట విన్నాడు. నేను ఊహించనిది అదొక్కటే.

ఏప్రిల్ 4, శుక్రవారం

రక్తం ఇచ్చాను.

ప్రయోగశాల నుంచి శ్రీదివ్య అనే అధికారిణి స్వయంగా వచ్చింది. ఎర్ర సిరా నోటీసు సంగతి ఆమె దాకా వెళ్ళినట్టుంది. నా ఎదుట ప్రతి మాటా ఆచితూచి పలికింది. వేలి కొసను పొడిచి, మందపాటి కాగితం మీద గీసిన గుండ్రాలలో చుక్కలు అద్దించింది. ఆరబెడితే చాలునట.

ఇందులో నా తమ్ముడు ఎలా కనబడతాడని అడిగాను. విసుక్కోకుండా చెప్పింది. రెండో శవం ఎముకను శుభ్రం చేసి, చల్లబరిచి, పొడి కొడతారు. కణాలను విప్పి డీఎన్ఏను వేరుచేస్తారు. అది అత్యల్పంగా ఉంటుంది కనుక కావలసిన భాగాలకు మాత్రం లక్షల ప్రతులు తీస్తారు. మనుషులందరి డీఎన్ఏ దాదాపు ఒకటే కనుక మొత్తం చదవరు. ఇరవైకి పైగా నియమిత స్థానాలు చూస్తారు. అక్కడ నాలుగైదు అక్షరాల చిన్న మాట ఒకటి వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎన్నిసార్లు వచ్చిందన్నదే లెక్క.

"అంటే పునరుక్తి" అన్నాను.

"అవునండి. ప్రతి స్థానంలోనూ రెండు అంకెలు వస్తాయి. ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. అన్ని స్థానాలూ కలిపి చూస్తే ఆ అంకెల వరస ఇంకొకరికి ఉండదు, కవలలకు తప్ప. దాన్నే ప్రొఫైల్ అంటాం."

జీవితమంతా పిల్లల వ్యాసాల్లో పునరుక్తి దోషమని కొట్టివేశాను. మనిషిని మనిషిగా నిలబెట్టేది అదేనట.

అల్లాబక్షు లెక్క సులువట. తండ్రి అంకె ఒకటి ప్రతి స్థానంలోనూ కొడుకులో కనబడాలి. చాలాచోట్ల కనబడలేదు. అందుకే కాదని తేల్చారు. అన్నదమ్ముల మధ్య అంత కచ్చితంగా పంచుకోవడం ఉండదు. అందుకని మగవాళ్ళలో మాత్రమే ఉండే వై అనే భాగాన్ని కూడా చూస్తారట.

"అది తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వస్తుందండి. మీ తాతగారిది, నాన్నగారిది, మీది, మీ తమ్ముడుగారిది ఒకటే ఉండాలి. మీరు ప్రవర చెప్పుకుంటారు కదా, కొంచెం అలాంటిదే."

ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజ. చిన్నప్పుడు వాడికి ప్రవర నేనే నేర్పాను. బార్హస్పత్య దగ్గర నాలుక తిరిగేది కాదు. ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ చెప్పించానో.

కాశీకని ఉంచిన ఎముకలను పరీక్షించవచ్చునా అని అడిగాను. ఆమె కాగితాన్ని కవరులో పెడుతూ, "చితిలో అంతగా కాలిన ఎముకలో చదవడానికి సాధారణంగా ఏమీ మిగలదండి" అంది.

ఏప్రిల్ 9, బుధవారం

కబురు లేదు. బియ్యం ఏరుతూ శ్యామలాంబ వీధి వైపు చూస్తోంది. నేనూ చూస్తున్నాను. కలవకూడదని కోరుకోవాలా, కలవాలని కోరుకోవాలా? కలవకపోతే తమ్ముడికి అన్ని కర్మలూ సక్రమంగా చేసిన అన్నను. కలిస్తే ఇన్నాళ్ళూ వాణ్ణి మంచుపెట్టెలో వదిలి, ఇంట్లో కూర్చుని నోటీసులు దిద్దినవాణ్ణి.

ఏప్రిల్ 15, మంగళవారం

కలిసింది.

ఏప్రిల్ 16, బుధవారం

ఈసారి శ్యామలాంబను వెంట తీసుకువెళ్ళాను. శాస్త్రిగారు అభ్యంతరం చెప్పబోయి నా ముఖం చూసి మానుకున్నారు. మూట విప్పి చూపలేదు. ఆమె చేయి వేసి కాసేపు నిలబడింది. "ఎంత చల్లగా ఉన్నారు" అంది.

పన్ను ఒకటి, తొడ ఎముక ముక్క ఒకటి లేకుండానే దహనం జరిగింది. అవే మంత్రాలు. గోత్రం దాకా వచ్చి ఆగిపోయాను. శాస్త్రిగారు నా బదులు చెప్పారు.

పత్రికకు నాలుగు పంక్తులు రాసి పంపాను: వెనక తలుపు తెరిచి స్త్రీలను కాపాడినది నా తమ్ముడు కాదు, ఇమాం హుస్సేన్. లోగడ నేను చెప్పినది తప్పు. రాసి చూసుకున్నాను. దిద్దవలసినది ఏమీ కనబడలేదు. తలుపు తెరిచిన హుస్సేన్ తాను బయటపడకుండా ఎందుకు ఉండిపోయాడో తెలిసినవాళ్ళు లేరు. అప్పటికి మా తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. ఇది మాత్రం పత్రికకు రాయలేదు. నాకు తెలిసినది కాదు కనుక.

ఏప్రిల్ 18, శుక్రవారం

కుండను కొక్కెం నుంచి దించి, ఒళ్ళో పెట్టుకుని, ఆటోలో అల్లాబక్షు ఇంటికి వెళ్ళాను. వాళ్ళ ఆచారంలో దీన్ని తీసుకుంటారో లేదోనని దారంతా బెంగగా ఉంది. మసీదు పెద్ద ఒకాయన కుండ చూసి, "ఎముక దొరికింది, అంతే చాలు" అని తెల్లగుడ్డ తెప్పించాడు.

హుస్సేన్ తల్లి గుమ్మంలో నిలబడింది. నేను వాక్యం సిద్ధం చేసుకుని వెళ్ళాను. నోరు తెరిచేలోపే ఆమె కుండ అందుకుంది. చేతుల్లో ఒకసారి ఎత్తి చూసుకుంది.

"ఇంతేనా?" అంది.

"సగం కృష్ణలో కలిపానమ్మా."

ఆమె కుండతో లోపలికి వెళ్ళింది. నమాజు తర్వాత ఖననం చేశారు. నేను గోరీల గోడ బయట నిలబడ్డాను. అల్లాబక్షు వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. అందరితో పాటు మట్టి వేశాను.

తిరిగి వస్తుంటే అన్నాడు: "ఆ తక్కిన సగం ఎక్కడ కలిపారో ఒకసారి చూపించండి పంతులుగారూ."

ఏప్రిల్ 20, ఆదివారం

ఇద్దరం బస్సులో సీతానగరం రేవుకు వెళ్ళాం. నీళ్ళు బాగా తగ్గాయి. ఆ రోజు నేను నిలబడిన మెట్టు ఇప్పుడు పొడిగా బయటపడి ఉంది. దాన్ని చూపించాను. అతను చెప్పులు విప్పి దాని మీద కూర్చున్నాడు.

"మావాడికి అన్నం పెట్టారంటగా?"

"పదో రోజున పిండం పెట్టాను."

"ఏ పేరు పెట్టి పిలిచారు?"

"భారద్వాజ గోత్రం అని, జానకిరామ అని."

అల్లాబక్షు కొంచెంగా నవ్వాడు. "మీ తమ్ముడుగారి పేరు చెబితే వచ్చేవాడే లెండి. నేను పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు."

మళ్ళీ అడిగాడు.

"కాకి ముట్టిందా? మా పక్కింటోళ్ళు పెడితే చూశాను. ఒక్కోసారి ఎంతకీ రాదు."

"వెంటనే ముట్టింది. ఇలా ఉంచి వెనక్కి తిరిగామో లేదో వచ్చింది."

అతను వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, దాన్ని మడిచి భుజాన వేసుకున్నాడు.

"గోడౌను కాలిన రోజు రోజాలో ఉన్నాడు పంతులుగారూ" అన్నాడు. "పొద్దు వాలితే తినేవాడు."